యాభై దాటాక ఈటీఎఫ్‌లు: రాబడి కంటే ముందు చూసుకోవాల్సిన లెక్కలు

యాభై ఏళ్లు దాటాక మదుపు మొదలుపెట్టేవారు ముందుగా అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏ ఈటీఎఫ్‌లో రాబడి ఎక్కువ? ఈటీఎఫ్ అంటే ఎక్స్ఛేంజ్ ట్రేడెడ్ ఫండ్, స్టాక్ ఎక్స్ఛేంజీలో షేరులా కొని అమ్ముకోగలిగే మ్యూచువల్ ఫండ్. కానీ ఆ వయసులో భవిష్యత్తును తేల్చేది రాబడి శాతం కాదు. ఈ మాట తేలిగ్గా నమ్మబుద్ధి కాదు కాబట్టి లెక్క వేసి చూద్దాం.

నెలకు రూ.20,000 చొప్పున 10 ఏళ్లు పెడితే జేబులోంచి వెళ్లేది రూ.24 లక్షలు. ఏటా సగటున 8 శాతం రాబడి వస్తే చివరికి చేతికొచ్చేది సుమారు రూ.36.6 లక్షలు. 12 శాతం వస్తే రూ.46 లక్షలు. తేడా తొమ్మిదిన్నర లక్షలు. ఇదే డబ్బు 30 ఏళ్లు పెడితే 8 శాతం దగ్గర రూ.2.98 కోట్లు, 12 శాతం దగ్గర దాదాపు రూ.7 కోట్లు అవుతుంది. ముప్ఫై ఏళ్ల మదుపులో రాబడి శాతం రెట్టింపుకు పైగా తేడా తెస్తుంది. పదేళ్లలో దానికి అంత బలం లేదు.

ఇప్పుడు అదే పదేళ్లకు, 12 శాతం కోసం వెంపర్లాడకుండా నెలవారీ మొత్తాన్ని రూ.20,000 నుంచి రూ.26,000కు పెంచి చూడండి. 8 శాతం రాబడితోనే రూ.47.5 లక్షలు దాటుతుంది. పొదుపు పెంచకుండా ఉద్యోగమో వ్యాపారమో మరో మూడేళ్లు కొనసాగించి, అదే రూ.20,000 పెడుతూ పోతే 8 శాతం దగ్గర రూ.54.5 లక్షలు అవుతుంది. పైగా ఆ మూడేళ్లూ కూడబెట్టిన దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

ఆలస్యంగా మొదలుపెట్టినవారి చేతిలో నిజంగా ఉన్నవి మూడు: నెలనెలా పెట్టే మొత్తం, సొమ్ము తీయడం మొదలుపెట్టే తేదీ. మూడోది, మార్కెట్ పడిపోయినప్పుడు గత్యంతరం లేక అమ్ముకోవాల్సిన స్థితిలో ఉండకపోవడం. ఈటీఎఫ్ ఈ మూడింటికీ పనికొచ్చే చవకైన సాధనం. ‘పోయిన కాలాన్ని పట్టుకోవాలి’ అని థీమాటిక్ (ఒకే ఇతివృత్తానికి చెందిన కంపెనీల), మిడ్‌క్యాప్ మొమెంటమ్ (జోరు మీదున్న మధ్యస్థాయి కంపెనీల), రంగాలవారీ ఈటీఎఫ్‌ల వెంట పడితే ఇందులో ఏ ఒక్కటీ నెరవేరదు. ఆ ఆత్రమే ఈ వయసులో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఎవరికి ఎంత లోటు

నిఫ్టీ 50 ఈటీఎఫ్ కొంటే, నిఫ్టీలోని 50 కంపెనీల్లో అదే నిష్పత్తిలో చిన్న వాటా చేతికొచ్చినట్లు. ఏ షేరు ఎంచుకోవాలో తేల్చే మేనేజర్ ఉండడు కాబట్టి ఖర్చు తక్కువ. మన దేశంలో మొదటి ఈటీఎఫ్ నిఫ్టీ బీస్ 2001 డిసెంబరులో వచ్చింది. ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ 2015 ఆగస్టు నుంచి కొత్తగా వచ్చే సొమ్ములో కొంత భాగాన్ని ఈటీఎఫ్‌లలో పెడుతోంది. అంటే పీఎఫ్ ఉన్నవారు తమకు తెలియకుండానే ఈటీఎఫ్ మదుపరులు. కాకపోతే వారికి అందేది సంస్థ ఏటా ప్రకటించే వడ్డీయే. 2023-24కూ, 2024-25కూ అది 8.25 శాతం.

తెలుగు రాష్ట్రాల్లో ఆలస్యంగా మేల్కొనేవారు మూడు రకాలుగా కనిపిస్తారు. మొదటివారు 2004 సెప్టెంబరు 1 తర్వాత ప్రభుత్వ కొలువులో చేరి సీపీఎస్ (చందా ఆధారిత పింఛను పథకం) పరిధిలోకి వచ్చినవారు. అప్పట్లో ముప్ఫై ఏళ్లున్నవారు ఇప్పుడు యాభై దాటారు. పదవీ విరమణ వయసు తెలంగాణలో 2021లో 61కి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62కి పెరిగింది. పై లెక్కలో మూడేళ్లు ఎంత మార్పు తెచ్చాయో గుర్తుంటే ఈ పెంపు విలువ అర్థమవుతుంది. రెండోవారు ప్రైవేటు ఉద్యోగులు. వీరు నమ్ముకున్న ఈపీఎస్ (ఉద్యోగుల పింఛను పథకం) పింఛను రూ.15,000 వేతన పరిమితి మీద లెక్కిస్తారు కాబట్టి, అధిక పింఛను ఎంచుకోనివారిలో చాలామందికి నెలకు రూ.7,500 లోపే వస్తుంది. మూడోవారు దుకాణం, చిన్న వ్యాపారం, కాంట్రాక్టు పనులు చేసుకునేవారు. వీరికి ఇల్లుంటుంది, ఊరి చివర స్థలం ఉంటుంది, బంగారం ఉంటుంది. పని మానేసిన నెల నుంచి చేతికొచ్చే ఆదాయం మాత్రం ఉండదు.

ఖర్చు వైపు లెక్క ఇంకా కఠినం. ఇవాళ నెలకు రూ.40,000తో నడిచే ఇంటికి, ధరలు ఏటా 6 శాతం పెరిగితే, పదేళ్ల తర్వాత రూ.71,600 కావాలి. ఇప్పుడు 50 ఏళ్లున్నవారికి అది 60వ ఏట. వారే 75వ ఏట అదే ఇంటిని నడపాలంటే నెలకు రూ.1.7 లక్షలు. అందుకే డిపాజిట్లు ఒక్కటే చాలవు. యాభై ఏళ్లవారి డబ్బులో కొంత భాగం మరో పాతికేళ్లు పని చేయాలి. ఆ భాగానికి ఈక్విటీ, అంటే షేర్లలో పెట్టుబడి, తప్పదు.

మొదటి యూనిట్ కొనకముందే

వ్యక్తిగత రుణం, క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ఈటీఎఫ్ ఆలోచన పక్కన పెట్టండి. 14 శాతం వడ్డీ కడుతూ 10 శాతం ఆశించడంలో అర్థం లేదు. కనీసం ఆరు నెలల ఖర్చు, సొంత వ్యాపారమైతే ఏడాది ఖర్చు, బ్యాంకులో విడిగా ఉండాలి. ఆరోగ్య బీమా 60 దాటాక దొరకడం కష్టం, దొరికినా ప్రీమియం భారం. ముందునుంచీ ఉన్న జబ్బులకు వేచి ఉండాల్సిన కాలం ఉంటుంది కాబట్టి 50-55 మధ్యనే తీసుకుంటే అవసరమయ్యే నాటికి ఆ గడువు తీరిపోతుంది. మూడు, నాలుగేళ్లలో పిల్లల చదువుకో పెళ్లికో కావాల్సిన డబ్బు ఈక్విటీ ఈటీఎఫ్ వైపు వెళ్లకూడదు. ఇందులో మినహాయింపులు లేవు.

ఆ తర్వాత చేయాల్సింది, ఉన్నదంతా ఒక కాగితం మీద రాయడం. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ఈటీఎఫ్ ఖాతాను ఒక్కదాన్నే విడిగా చూసి ‘వయసు యాభై, సగం డెట్‌లో (వడ్డీ ఇచ్చే బాండ్లు, డిపాజిట్లలో) పెట్టాలి’ అనుకుంటారు. 52 ఏళ్ల ప్రైవేటు ఉద్యోగిని ఊహించుకోండి. పీఎఫ్‌లో రూ.22 లక్షలున్నాయి, నెలకు రూ.25,000 మిగులుతుంది. ఆ రూ.25,000 మొత్తం నిఫ్టీ 50 ఈటీఎఫ్‌లోనే పెట్టారనుకుందాం. 10 శాతం రాబడితో అయిదేళ్లకు అది సుమారు రూ.19.4 లక్షలు అవుతుంది. పీఎఫ్ 8.25 శాతంతో, కొత్త చందాలు కలపకుండానే, రూ.32.7 లక్షలు. అంటే అయిదేళ్ల తర్వాత కూడా మొత్తంలో ఈక్విటీ వాటా 37 శాతమే. పీఎఫ్ అనే పెద్ద డెట్ నిధి అప్పటికే చేతిలో ఉన్నప్పుడు ఈటీఎఫ్ ఖాతాలో మళ్లీ డెట్ ఎందుకు?

పీఎఫ్ లేని దుకాణదారు పరిస్థితి వేరు. ఆయనకు ఈటీఎఫ్‌లే సర్వస్వం కాబట్టి మొదటి నుంచే సగం డెట్ కావాలి. ఇల్లు, స్థలాలను ఈ లెక్కలో కలపవద్దు. ఉంటున్న ఇల్లు నెల ఖర్చులకు డబ్బు ఇవ్వదు. అయితే రెండో స్థలం, మూడో స్థలం ఉన్నవారు వాటిలో ఒకదాన్ని అరవైకి ముందే సొమ్ము చేసుకునే విషయం గట్టిగా ఆలోచించాలి. అవసరం పడినప్పుడు వారంలో అమ్ముడుపోయే ఆస్తి కాదది. ఆసుపత్రిలో బిల్లు కట్టాల్సిన నాడు గజం ధర ఎంతుందన్నది ఎవరికీ అక్కరకు రాదు.

ఏవి చాలు

ఈక్విటీ భాగానికి నిఫ్టీ 50 లేదా సెన్సెక్స్ ఈటీఎఫ్ ఒకటి చాలు. ఇంకొంచెం విస్తరించాలనుకుంటే ఈక్విటీలో అయిదో వంతు మించకుండా నిఫ్టీ నెక్స్ట్ 50, అంటే నిఫ్టీ 50 తర్వాతి 50 పెద్ద కంపెనీల సూచీ ఈటీఎఫ్. అది పెరిగేటప్పుడు ఎక్కువ పెరుగుతుంది, పడేటప్పుడు అంతకంతా పడుతుంది. ఆ పైన ఉన్న నూరు రకాల ఈటీఎఫ్‌లను ఈ వయసులో వదిలేయడమే మంచిది.

డెట్ భాగానికి నిర్ణీత కాలానికి ముగిసే బాండ్ ఈటీఎఫ్‌లున్నాయి. 2019 డిసెంబరులో మొదలైన భారత్ బాండ్ ఈటీఎఫ్‌లు ప్రభుత్వ రంగ సంస్థల ఏఏఏ (అత్యధిక భద్రత) రేటింగ్ బాండ్లలో పెట్టి, 2030 ఏప్రిల్, 2031 ఏప్రిల్ వంటి నిర్దిష్ట గడువుకు సొమ్ము తిరిగి ఇస్తాయి. గడువు దాకా ఉంచితే రాబడి ఎంతో కొనే రోజే దాదాపుగా తెలుస్తుంది. కానీ ఎక్స్ఛేంజీలో వీటి లావాదేవీలు పలచగా ఉంటాయి, మధ్యలో అమ్మాలంటే సరైన ధర దొరక్కపోవచ్చు. 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న డెట్ ఫండ్లు, ఈటీఎఫ్‌ల లాభాన్ని ఎన్నేళ్లు ఉంచినా శ్లాబు ప్రకారమే పన్ను వేస్తారు. అందువల్ల 60 దాటినవారికి డెట్ ఈటీఎఫ్ కంటే ముందు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌కే ఓటు. 2023 ఏప్రిల్‌లో దాని పరిమితి రూ.30 లక్షలకు, వడ్డీ 8.2 శాతానికి పెరిగాయి. ఆ రేటు దగ్గర పూర్తి పరిమితి పెడితే ప్రతి మూడు నెలలకూ రూ.61,500 ఖాతాలో పడుతుంది.

లిక్విడ్ ఈటీఎఫ్‌లను చిన్న అవధికి సొమ్ము నిలబెట్టుకోవడానికి వాడతారు. వీటిలో రోజూ డివిడెండు ఇచ్చే రకం ఒకటుంది. యూనిట్ ధర రూ.1,000 దగ్గరే నిలిచి, రోజువారీ డివిడెండు యూనిట్ ముక్కలుగా (దశాంశాల్లో) జమవుతుంది. ఆ ముక్కలను ఎక్స్ఛేంజీలో అమ్మలేరు, పూర్తి యూనిట్లే అమ్ముడవుతాయి. ఖాతా మూసేటప్పుడు 0.37 యూనిట్ అలాగే మిగిలిపోయి విసిగిస్తుంది. డివిడెండు ఇవ్వకుండా ధరలోనే కలిపే గ్రోత్ రకం ఎంచుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

బంగారం విషయంలో, 2024 ఫిబ్రవరి తర్వాత కొత్త సార్వభౌమ పసిడి బాండ్లు రాలేదు కాబట్టి కొత్తగా కొనేవారికి గోల్డ్ ఈటీఎఫే సులువు. గోల్డ్ బీస్ అనే గోల్డ్ ఈటీఎఫ్ ఒక యూనిట్ అంటే సుమారు 0.01 గ్రాము. కానీ తెలుగు ఇళ్లలో నగల రూపంలో బంగారం ముందే ఉంటుంది. దానిపై మొత్తం మదుపులో పది శాతం మించి పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

కొనేటప్పుడు డబ్బు ఎక్కడ కారిపోతుంది

ఈటీఎఫ్ గురించి చెప్పేవారంతా వ్యయ నిష్పత్తి (ఫండ్ ఏటా తీసుకునే ఖర్చు శాతం) దగ్గరే ఆగిపోతారు. నిఫ్టీ 50 ఈటీఎఫ్‌లలో అది సాధారణంగా 0.10 శాతం లోపే. అసలు నష్టం జరిగేది కొనే క్షణంలో, అదీ కంటికి కనబడకుండా.

ఈటీఎఫ్‌కు రెండు ధరలుంటాయి. లోపలున్న షేర్ల విలువను బట్టి లెక్కించేది ఒకటి, ఎక్స్ఛేంజీలో కొనుగోలుదారు, అమ్మకందారు కలిసి తేల్చేది మరొకటి. మొదటిదాన్ని మార్కెట్ నడుస్తున్నంతసేపూ ఫండ్ సంస్థ తన వెబ్‌సైట్‌లో ఐఎన్ఏవీ పేరుతో చూపిస్తుంది. ఈక్విటీ ఈటీఎఫ్‌లకు ఇది 15 సెకన్లకు మించి ఆలస్యం కాకూడదని సెబీ నిబంధన. ఈ రెండు ధరలూ దగ్గరగా ఉండేలా చూడటం మార్కెట్ మేకర్ల, అంటే ఎప్పుడూ కొనుగోలు, అమ్మకం ధరలు ఇస్తూ ఉండే సంస్థల, పని. ప్రతి ఈటీఎఫ్‌కు కనీసం ఇద్దరు ఉండాలన్నదీ నిబంధనే. అయినా చిన్న ఈటీఎఫ్‌లలో, ఉదయం మార్కెట్ తెరిచిన మొదటి నిమిషాల్లో, ఏదైనా సంచలన వార్త వచ్చిన రోజున ఈ రెండూ విడిపోతాయి.

ఒక ఆర్డరును దగ్గరి నుంచి చూద్దాం. ఐఎన్ఏవీ రూ.268.40 ఉంది. తెరపై కొనేవారు ఇస్తామంటున్న ధర రూ.268.35, అమ్మేవారు అడుగుతున్నది రూ.268.50. పదిహేను పైసల వ్యత్యాసం, ఆరోగ్యకరమైన స్థితి. రూ.20,000 ఉంటే రూ.268.50 దగ్గర లిమిట్ ఆర్డరు (ఇంతకు మించి ఇవ్వనని ధర చెప్పే ఆర్డరు) పెట్టి 74 యూనిట్లు కొనాలి. రూ.19,869 అవుతుంది, మిగిలిన రూ.131 వచ్చే నెలకు. ఇక్కడ ధర చెప్పకుండా దొరికిన ధరకే కొనే ‘మార్కెట్ ఆర్డరు’ నొక్కితే ఏమవుతుంది? పెద్ద ఈటీఎఫ్‌లో పెద్దగా ఏమీ కాదు. లావాదేవీలు పలచగా ఉన్న ఈటీఎఫ్‌లో రూ.268.50 దగ్గర 10 యూనిట్లే అమ్మకానికి ఉండి, ఆ తర్వాతి ధర రూ.274 కావచ్చు. మార్కెట్ ఆర్డరు ఆ ధరను కూడా మింగేస్తుంది. దాదాపు రెండు శాతం ఒక్క క్షణంలో పోయింది. 0.05 శాతం ఖర్చున్న ఈటీఎఫ్ కదా అని ఎంచుకున్నవారు దాదాపు ముప్ఫై అయిదేళ్ల ఖర్చును ఒక్క నొక్కుడుతో కట్టేసినట్లు.

అందుకని ఎప్పుడూ లిమిట్ ఆర్డరే. ఉదయం 9.15కు తెరిచిన మార్కెట్‌లో మొదటి అరగంట, ముగిసే ముందు చివరి పావుగంట వదిలేయాలి. అమ్మేవారి ధర ఐఎన్ఏవీ కంటే 0.2 శాతం మించి పైన ఉంటే ఆ రోజు ఆగినా కొంప మునగదు. ఈటీఎఫ్ ఎంచుకునేటప్పుడు రోజువారీ లావాదేవీల పరిమాణం, ఫండ్ నిర్వహణలోని ఆస్తి పెద్దగా ఉన్నవాటినే చూడాలి. సూచీ రాబడికీ ఈటీఎఫ్ రాబడికీ ఉన్న తేడాను ట్రాకింగ్ డిఫరెన్స్ అంటారు. ఫండ్ సంస్థలు దీన్ని ఏడాది, మూడేళ్లు, అయిదేళ్ల కాలాలకు ప్రకటిస్తాయి. ప్రకటనల్లో కనిపించే వ్యయ నిష్పత్తి కంటే ఇదే నిజమైన ఖర్చు.

అసలు విలువ కంటే ఎక్కువ పెట్టి కొనడం ఎంత దూరం వెళ్తుందో 2025 అక్టోబరులో వెండి ఈటీఎఫ్‌లు చూపించాయి. దేశంలో వెండికి కొరత ఏర్పడి, ఈటీఎఫ్‌ల ధర లోపలున్న వెండి విలువను బాగా దాటిపోయింది. కొన్ని ఫండ్ సంస్థలు తమ వెండి ఫండ్ ఆఫ్ ఫండ్స్‌లోకి (వెండి ఈటీఎఫ్‌లను కొనే ఫండ్లలోకి) ఏకమొత్తం పెట్టుబడులను కొంతకాలం ఆపేశాయి. విదేశీ సూచీల ఈటీఎఫ్‌లదీ ఇదే గొడవ. విదేశీ ఈటీఎఫ్‌లలో మన ఫండ్ సంస్థలన్నీ కలిపి 100 కోట్ల డాలర్లకు మించి పెట్టకూడదన్న పరిమితి ఉంది. అది నిండితే కొత్త యూనిట్లు పుట్టవు. ఉన్న యూనిట్లకే పోటీ పెరిగి ధర ఉబ్బుతుంది. రూ.100 విలువైనదాన్ని రూ.112కు కొన్నవారు, ఆ ఉబ్బు తగ్గిన రోజున, అమెరికా మార్కెట్ అంగుళం కదలకపోయినా రూ.12 పోగొట్టుకుంటారు.

ఇంత జాగ్రత్త ప్రతి నెలా మనవల్ల కాదనుకునేవారికి నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ (అదే సూచీని అనుసరించే మామూలు మ్యూచువల్ ఫండ్) డైరెక్ట్ ప్లాన్ (ఏజెంటు లేకుండా నేరుగా కొనేది) ఉంది. షేర్లు, యూనిట్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా అక్కర్లేదు. సిప్ (నెలవారీ వాయిదా) తేదీన బ్యాంకు నుంచి డబ్బు దానంతటదే వెళ్తుంది, రూ.20,000లో ఒక్క రూపాయీ మిగలకుండా ఎన్ఏవీ ధరకే, అంటే యూనిట్ అసలు విలువకే, యూనిట్లు వస్తాయి. ఖర్చు కాస్త ఎక్కువ. తేడా 0.15 శాతం అనుకుంటే రూ.20 లక్షల మీద ఏడాదికి రూ.3,000. కొనే ప్రతిసారీ తొందరపాటుతో 0.3 శాతం ఎక్కువ చెల్లించే మదుపరికి ఈటీఎఫ్ వల్ల రెండేళ్లలో మిగిలేది కొనేటప్పుడే పోతుంది. నికరంగా చెప్పాలంటే, ఇప్పటికే డీమ్యాట్ వాడటం వచ్చినవారికి, పెద్ద మొత్తాన్ని కొద్ది విడతల్లో పెట్టి ఏళ్ల తరబడి కదపనివారికి ఈటీఎఫ్ బాగుంటుంది. నెలనెలా చిన్న మొత్తం పెట్టేవారికి ఇండెక్స్ ఫండే హాయి.

పతనం ఎప్పుడు వస్తుందన్నదే అసలు భయం

నిఫ్టీ 2008 జనవరి నుంచి అదే ఏడాది అక్టోబరు నాటికి దాదాపు 60 శాతం పడింది. పాత గరిష్ఠాన్ని నిలకడగా దాటడానికి 2013-14 దాకా పట్టింది. 2020లో జనవరి నుంచి మార్చికి 38 శాతం పడి, నవంబరుకల్లా కోలుకుంది. ఏ పతనం ఏ రకానిదో ముందు తెలియదు. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరు నాటి శిఖరాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో.

53వ ఏట 60 శాతం పతనం వస్తే అది నిజానికి మేలే. చవకగా కొనే అవకాశం, పోగైంది కూడా తక్కువే. అదే పతనం 61వ ఏట, నెలనెలా సొమ్ము తీస్తున్నప్పుడు వస్తే, పడిన ధరకు ఎక్కువ యూనిట్లు అమ్మాల్సి వస్తుంది. తర్వాత మార్కెట్ కోలుకున్నా ఆ యూనిట్లు మన దగ్గర ఉండవు. ఆలస్యంగా మొదలుపెట్టినవారికి ఈ దెబ్బ నుంచి తేరుకునే జీతం కూడా ఉండదు.

పై ఉదాహరణలోని ఉద్యోగికి 57వ ఏట ఈక్విటీలో రూ.19.4 లక్షలు, పీఎఫ్‌లో రూ.32.7 లక్షలు ఉన్నాయి కదా. 2008 లాంటిది వచ్చినా పోయేది రూ.11.6 లక్షలు, మొత్తంలో 22 శాతం. బాధాకరమే, కానీ ఇల్లు కూలదు. పీఎఫ్ లేకుండా మొత్తం రూ.52 లక్షలూ ఈక్విటీలో ఉన్నవారికి మిగిలేది రూ.21 లక్షలే.

సొమ్ము అవసరపడే తేదీకి మూడు, నాలుగేళ్ల ముందు నుంచి దిశ మార్చాలి. ఇందుకు ఉన్న ఈటీఎఫ్ యూనిట్లు అమ్మనక్కర్లేదు. కొత్తగా వచ్చే నెలవారీ సొమ్మును ఈక్విటీకి బదులు డిపాజిట్లకో, లక్ష్య కాలానికి ముగిసే బాండ్ ఈటీఎఫ్‌కో మళ్లిస్తే చాలు. అమ్మకం లేదు కాబట్టి పన్నూ లేదు. పదవీ విరమణ నాటికి కనీసం నాలుగైదేళ్ల ఖర్చుకు సరిపడా సొమ్ము, పింఛను పోను, ఈక్విటీ బయట ఉండాలి. 2008 తర్వాత మార్కెట్ తీసుకున్న సమయాన్ని బట్టి చూస్తే ఇది అతి జాగ్రత్త కాదు.

గ్రాట్యుటీ, పీఎఫ్ ఒకేసారి చేతికొచ్చినప్పుడు ఈక్విటీకి కేటాయించిన భాగాన్ని ఒక్క రోజులో పెట్టేయాలా? మార్కెట్లు ఎక్కువ కాలం పైకే వెళ్తాయి కాబట్టి సగటున ఏకమొత్తమే లాభదాయకం. అయినా అరవై ఏళ్ల వయసులో ‘సగటు’ ఎవరికీ ఊరట కాదు. 12 నుంచి 18 నెలలకు సమాన వాయిదాలుగా పంచి, తేదీలు ముందే రాసుకుని, వార్తలు ఎలా ఉన్నా ఆ తేదీన కొనడం మేలు. విడతలుగా పెట్టేవారు మార్కెట్ పడినప్పుడే ఆపేస్తారు. అలా ఆపితే విడతలు పెట్టుకున్న ఉద్దేశమే దెబ్బతింటుంది.

తీసేటప్పుడు పన్ను, ఛార్జీలు

ఇండెక్స్ ఫండ్‌లో ఉన్నట్లు ప్రతి నెలా దానంతటదే సొమ్ము పంపే ఏర్పాటు ఈటీఎఫ్‌లో మామూలుగా ఉండదు. మదుపరే అమ్మాలి. అమ్మిన ప్రతి రోజూ, ఒక్కో ఈటీఎఫ్‌కు, డీపీ ఛార్జీ (డీమ్యాట్ ఖాతా నుంచి యూనిట్లు తీసినందుకు రుసుము) పడుతుంది. చాలా బ్రోకరేజీల్లో అది పన్నుతో కలిపి పదిహేను, ఇరవై రూపాయల చుట్టూ ఉంటుంది. వారానికి రూ.2,000 చొప్పున అమ్మేవారికి అది దాదాపు ఒక శాతం. ఏడాదికి ఒకసారో రెండుసార్లో అమ్మి, ఆ సొమ్మును బ్యాంకులో ఉంచుకుని నెలనెలా వాడుకోవాలి. ఏప్రిల్‌లో ఒకసారి చూసుకుని, మార్కెట్ బాగుంటే ఏడాదికి సరిపడా అమ్మి డిపాజిట్లను నింపుకోవడం, శిఖరం నుంచి 20 శాతానికి మించి పడి ఉంటే ఆ ఏడాది ఈక్విటీ ముట్టకుండా డిపాజిట్ల మీదే నడవడం. ఈ ఒక్క నియమం పాటించగలిగితే పతనాల భయం సగం తీరుతుంది.

2024 జులై 23 నుంచి ఈక్విటీ ఈటీఎఫ్‌ను ఏడాదిలోపు అమ్మితే లాభంపై 20 శాతం, ఏడాది దాటాక అమ్మితే ఆర్థిక సంవత్సరంలో మొదటి రూ.1.25 లక్షల లాభం పోను మిగిలినదానిపై 12.5 శాతం పన్ను. గోల్డ్ ఈటీఎఫ్‌కు ఏడాది దాటాక 12.5 శాతమే కానీ ఆ రూ.1.25 లక్షల మినహాయింపు వర్తించదు. కొత్త పన్ను విధానంలో రూ.12 లక్షల దాకా పన్ను లేదని విని, ఇందులో ఈటీఎఫ్ లాభం కూడా కలిసిపోతుందని చాలామంది పింఛనుదారులు అనుకుంటారు. ఆ రిబేటు ఈక్విటీ దీర్ఘకాలిక లాభాలకు వర్తించదు. పింఛనుపై పన్ను సున్నా అయినా, రూ.1.25 లక్షలు దాటిన లాభంపై 12.5 శాతం కట్టాల్సిందే.

ఇంకో వైపు, వేరే ఆదాయం ఏదీ లేని గృహిణి పేరున సొంత డబ్బుతో ఈటీఎఫ్‌లుంటే, వాడుకోని కనీస మినహాయింపు పరిమితిని, అంటే 2025-26 నుంచి కొత్త విధానంలో రూ.4 లక్షలను, ఈ లాభానికి సర్దుబాటు చేసుకోవచ్చు. అయితే ఆ డబ్బు భర్త ఇచ్చిందైతే లాభాన్ని ఆయన ఆదాయంలోనే కలుపుతారు. పుట్టింటి నుంచి వచ్చిన సొమ్ము, ఆమె సంపాదన, వారసత్వం అయితేనే ఈ వెసులుబాటు. ఆ సొమ్ము ఎక్కడిదో చెప్పే కాగితం భద్రపరచుకోవాలి.

డీమ్యాట్ కాగితాలు

ఖాతా తెరవడానికి పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, ఆధార్‌కు అనుసంధానమైన మొబైల్ నంబరు చాలు. హోల్డింగ్ విలువ రూ.4 లక్షల లోపు ఉన్న ఏకైక డీమ్యాట్ ఖాతాకు, ప్రాథమిక సేవల ఖాతాగా మార్చుకుంటే, 2024 సెప్టెంబరు నుంచి వార్షిక నిర్వహణ రుసుము లేదు. రూ.10 లక్షల దాకా రూ.100 మాత్రమే. యూనిట్లు అమ్మేటప్పుడు టీపిన్ (అమ్మకానికి అనుమతినిచ్చే రహస్య సంఖ్య), ఓటీపీ అడుగుతుంది. ఆ మొబైల్ నంబరు పాతదైపోయి, పిల్లల దగ్గర ఉండిపోయి, అమ్మకం ఆగిపోయే సందర్భాలు పెద్దవారిలో తరచూ వస్తాయి. అమ్మిన యూనిట్లు తీసుకోవడానికి బ్రోకరుకు ముందే అనుమతినిచ్చే డీడీపీఐ పత్రం ఇస్తే ప్రతిసారీ టీపిన్ అక్కర్లేదు.

పదవీ విరమణ సొమ్ము చేతికొచ్చినవారికి వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ‘ప్రత్యేక కోటా’ ఈటీఎఫ్‌లు, లింకు ద్వారా దించుకునే ట్రేడింగ్ యాప్‌లు ఎదురవుతాయి. యాప్‌లో కనిపించే లాభం ఏ రుజువూ కాదు. ఎన్ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్ఎల్ (డీమ్యాట్ యూనిట్లను భద్రపరిచే డిపాజిటరీలు) నుంచి ఈమెయిల్‌కు వచ్చే ఏకీకృత ఖాతా పట్టికలో ఆ యూనిట్లు ఉన్నాయా లేదా అన్నదే రుజువు. ఆ పట్టికలో లేనిది మన దగ్గర లేనట్లే. అది కనిపించేదాకా రెండో విడత డబ్బు పంపకూడదు.

నామినీ పేరు డీమ్యాట్‌లోనూ, బ్యాంకులోనూ, మ్యూచువల్ ఫండ్లలోనూ విడివిడిగా నమోదు కావాలి. ఒకచోట ఇచ్చింది మరోచోటికి రాదు. నామినీ ఆ సొమ్మును అందుకునే వ్యక్తి మాత్రమే, వారసుల హక్కు వేరు. ఒకరికంటే ఎక్కువ మంది వారసులున్న ఇంట్లో వీలునామా రాయడం తప్పనిసరి. జీవిత భాగస్వామికి డీమ్యాట్ అంటే తెలియకపోతే, బ్రోకరు పేరు, ఖాతా నంబరు, ఈమెయిల్, ఏ ఈటీఎఫ్ ఎన్ని యూనిట్లో రాసిన ఒక కాగితం ఇంటి పత్రాలతో ఉంచాలి. పాస్‌వర్డు అందులో రాయనక్కర్లేదు. మరణ ధ్రువీకరణ పత్రంతో నామినీ పేరుకు యూనిట్లు బదిలీ చేయించుకోవడానికి అది అవసరం లేదు, నామినీకి సొంత డీమ్యాట్ ఖాతా మాత్రం కావాలి. ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆ రెండో ఖాతా కూడా తెరిచి ఉంచుకుంటే, తర్వాత పని కొన్ని వారాల్లో పూర్తవుతుంది. డెబ్బై అయిదు దాటాక ఆర్డర్లు పెట్టడం, ఐఎన్ఏవీ చూడటం కష్టమనిపిస్తే, ప్రతి ఏప్రిల్‌లో రూ.1.25 లక్షల మినహాయింపు పరిధిలో కొంత చొప్పున ఈటీఎఫ్ అమ్మి, ఆ సొమ్మును నెలవారీగా డబ్బు పంపే ఏర్పాటున్న ఇండెక్స్ ఫండ్‌లోకి మార్చుకుంటూ పోవచ్చు.